ఆ చోట మొదట ఉన్న మాట

"చెంచా," అన్నాడు ఒరెస్ట్.

యారినా అప్పుడే టీ కలిపి చెంచాను సాసర్లో పెట్టింది. పింగాణీకి లోహం తగిలి చిన్న చప్పుడైంది. ఆ మాత్రానికే భర్త భుజాలు పైకి లేచాయి. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"మర్చిపోయాను," అంది, పెదాలు అతనికి కనబడేలా తిరిగి.

"రోజూ మర్చిపోతావు."

రోజూ మర్చిపోదు. తలుపుల అంచులకు దూది అంటించడం గుర్తుంచుకుంది. కుర్చీల కాళ్ళకు పాత మేజోళ్ళు తొడగడం, బీట్‌రూట్ తరిగే చెక్క కింద తువ్వాలు పరవడం, నీళ్ళు మరిగి కెటిల్ కూత పెట్టకముందే పొయ్యి కట్టేయడం, ఇంట్లో దగ్గొస్తే బాల్కనీలోకి పోయి దగ్గడం, అన్నీ గుర్తుంచుకుంది. గుర్తుంచుకున్నవి ఎవరికీ వినిపించవు. మర్చిపోయినదొక్కటే వినిపిస్తుంది.

తూర్పున, యుద్ధంలో ఒక కందకం పక్కన ఫిరంగి గుండు పడింది. ఒరెస్ట్ ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవిలో కాస్త వినికిడి మిగిలింది, దానితో పాటే రాత్రింబవళ్ళు ఆగని ఈల కూడా. మాటలు బురదలో కూరుకుపోయినట్టు వినిపిస్తాయి. గిన్నె చప్పుడు మాత్రం మేకు దిగినట్టు దిగుతుంది. మనిషి పెదాలు చూస్తూ సగం, ఊహించుకుంటూ సగం బతుకుతున్నాడు. యుద్ధానికి ముందు వాళ్ళ ఊరు చెర్నివ్‌త్సీలో అతని గొంతు తెలియనివాళ్ళు లేరు. ఇప్పుడు ఆ గొంతు అతనికే తెలియదు.

అందుకే ఇంట్లో పాట లేదు. యారినా వాయించే సింబాలీ, అంటే బల్ల మీద పెట్టి రెండు చిన్న చెక్క సుత్తులతో తీగల మీద వాయించే ఆ పెట్టె, ఇప్పుడు ఆమె పాఠాలు చెప్పే సంగీత పాఠశాలలో ఉంది. పొద్దున పిల్లలకు పాఠాలు. మధ్యాహ్నం ఆసుపత్రి గదుల ముందు ఒరెస్ట్‌ను పట్టుకుని నిలబడటం, అతనికి వినబడని ప్రశ్నలకు తాను జవాబులు చెప్పడం. సాయంత్రం వంట, మాత్రలు, కరెంటు పోకముందే బట్టలు ఉతుక్కోవడం. తాను సగం రాసిన నవల ఎక్కడ ఆగిందో ఆమెకు తెలుసు. అందులో ఒకామె రైలు దిగి ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. పోయిన శరదృతువు నుంచీ ఆమె అలా నిలబడే ఉంది.

ఈ సంగతి ఒకసారి అత్తగారితో అంది. స్టెఫానియా ఇల్కివ్నా కింది అంతస్తులోనే ఉంటుంది. రోజుకు ఎన్నిసార్లు పైకి వస్తుందో లెక్క లేదు. కొడుకు పళ్ళెంలోకి ఒకసారి చూసి, కోడలి ముఖంలోకి ఒకసారి చూసి పోతుంది.

"అత్తయ్యా, వారానికి రెండు పూటలు మీరు ఆయన దగ్గర కూచుంటే నేను రాసుకుంటాను."

"రాసుకుంటావా?" అంది స్టెఫానియా. ఆమె గొంతులో కోపం లేదు. నిజంగానే అర్థం కాక అడిగింది. "వాడు రెండు చెవులూ ఇచ్చొచ్చాడే పిల్లా. నువ్వు రెండు చేతులు ముడుచుకుని కూర్చోలేవా?"

చేతులు ముడుచుకుని కూర్చుంటే ఈ ఇంట్లో పొయ్యి వెలగదని యారినా అనలేదు. ఆమె అనని మాటలన్నీ ఎక్కడికి పోతాయని ఎవరైనా అడిగి ఉంటే, ఒకప్పుడు జవాబు సులువు. పాటల్లోకి పోయేవి. ఇద్దరూ పెళ్ళికి ముందే కట్టిన బ్యాండులో మాటలు ఆమెవి, వరస అతనిది. ఒరెస్ట్ ముందు నిలబడి గిటారు పట్టుకుని పాడేవాడు, ఆమె వెనక కూర్చుని వాయించేది. విలేఖరులు అడిగేవాళ్ళు: ఈ పాటలు ఎవరు రాస్తారు? ఒరెస్ట్ నవ్వేవాడు. "మా ఇంట్లో పాటలు వాటంతటవే పుడతాయండీ." హాలంతా నవ్వేది. ఆమె కూడా నవ్వేది. ఆ ఇంట్లో చాలా పనులు అలాగే అయ్యేవి మరి. బట్టలు వాటంతటవే ఉతుక్కునేవి, సూపు దానంతటదే ఉడికేది, పాటలు వాటంతటవే పుట్టేవి. ఆమె పేరు మీద రెండు కథల పుస్తకాలు వచ్చాయి. వాటిని చూసి ఒరెస్ట్ స్నేహితులు, "ఓహో, వదిన కూడా రాస్తుందే" అన్నారు. ఆ "కూడా" దగ్గర ఆమెకు ప్రతిసారీ ముల్లు గుచ్చుకునేది. దాన్ని నవ్వుతోనే పీకేసుకునేది.

అతను యుద్ధానికి పోయాక ఆమె బ్యాండులో మిగిలిన ఇద్దరితో ఊళ్ళు తిరిగింది. సైన్యానికి బండ్లు కొనే డబ్బు కోసం పోలండులో, జర్మనీలో చర్చి హాళ్ళలో పాడింది. తన గొంతు అంత దూరం పోతుందని అప్పుడే తెలిసింది. కింది అంతస్తు నుంచి వినిపించిన మాట కూడా గుర్తుంది: "మొగుడు కందకంలో ఉంటే పాడే నోరు ఎలా వస్తుందో." అతను తిరిగొచ్చాక ఆ నోరు మూతపడింది. ఎవరూ మూయమనలేదు. మూతపడాలని అందరికీ తెలుసు, అంతే.

వీటన్నిటినీ మోయగలిగేది. మోయలేనిది ఒక్కటే ఉంది, ఒక్క పాట.

పద్నాలుగేళ్ళ కింద ఏడో నెలలో ఆమె కడుపులో కదలిక ఆగిపోయింది. ఒరెస్ట్ ల్వీవ్‌లో కచేరీకి పోయి ఉన్నాడు. ఆసుపత్రిలో ఉన్నది అత్తగారే. కాన్పయ్యాక నర్సు ఒక గుడ్డ మూట ఎత్తుకుని ఆమె ముందు నుంచే పోయింది. "నిద్రపోతున్నట్టే ఉంది, చూడకపోవడమే మంచిది," అంది. యారినా పేరు పెట్టాలంది. స్టెఫానియా ఆమె నుదురు తుడుస్తూ, "పేరు పెట్టకు. పేరు పెడితే మనిషవుతుంది. మనిషైతే ఏడవాల్సి వస్తుంది," అంది. ఒరెస్ట్ వచ్చి మంచం పక్కన కూర్చుని, "మనమింకా చిన్నవాళ్ళమే, ఇంకా పుడతారు," అన్నాడు. ఇంకెవరూ పుట్టలేదు. ఆ పాట పుట్టింది.

*ఉయ్యాల తగిలించని కొక్కెం కింద*
*గాలిని ఊపుతూ కూచున్నాను.*
*నిద్రపోయావన్నారు, లేపొద్దన్నారు.*

ఆమె చదివి వినిపిస్తే ఒరెస్ట్ కాగితం తీసుకుని మళ్ళీ చదువుకున్నాడు. తర్వాత గిటారు అందుకున్నాడు. "ఇది చాలా పెద్ద పాటవుతుంది," అన్నాడు. అన్నట్టే అయింది, కాకపోతే చాలా ఏళ్ళ తర్వాత. యుద్ధంలో తన మిత్రుడు రోమన్‌ను పాతిపెట్టేటప్పుడు ఒరెస్ట్ ఆ పాట పాడాడు. ఎవరో ఫోనులో తీశారు. నిద్రపోయావన్నారు, లేపొద్దన్నారు. ఆ మాటలు దేశంలో ప్రతి శ్మశానానికీ సరిపోయాయి. ఒకరోజు యారినా బంగాళాదుంపల సంచీతో ఇంటికొస్తుంటే వీధిలో ఒక సైనికుడి శవవాహనం వచ్చింది. అందరూ మోకాళ్ళ మీద కూర్చున్నారు, ఆమె కూడా కూర్చుంది. బండి మీది లౌడ్‌స్పీకర్లో ఒరెస్ట్ గొంతు ఆమె పాపను నిద్రపుచ్చుతోంది. పక్కనున్నామె ఏడుస్తూ ఆమె చెయ్యి పట్టుకుని, "ఎవరి కొడుకో తల్లీ," అంది. బండి పోయాక అందరూ లేచారు. యారినా సంచీలోంచి దొర్లిపోయిన దుంపలు ఏరుకుని ఇల్లు చేరింది.

మంగళవారం మధ్యాహ్నం సెవెరిన్ వచ్చాడు. ఊళ్ళో కచేరీలన్నీ అతని చేతి మీదుగానే జరుగుతాయి. శనివారం నాటక హాలులో "ఒరెస్ట్ పాటలు" అని పెద్ద సభ పెడుతున్నాడు. వేరే గాయకులు పాడతారు, ఒరెస్ట్ వేదిక మీద కూర్చుంటాడు. సెవెరిన్ అతనికి ఎదురుగా కూర్చుని, ఒక్కో మాటా నమిలి పెట్టినట్టు పలికాడు.

"చివరన ఆ పాట, అన్నా. ముందు నేను చెబుతా. కందకంలో, కొవ్వొత్తి వెలుగులో, పక్కన ప్రాణం వదిలిన స్నేహితుడి కోసం నువ్వు ఎలా రాశావో. హాలంతా లేచి నిలబడాలి." తర్వాత యారినా వైపు తిరిగాడు. "వదినా, నువ్వు సింబాలీ వాయించాలి. కుట్టుపని ఉన్న మన పాతకాలం చొక్కా వేసుకో. సైనికుడి భార్యగా రెండు మాటలు కూడా చెప్పాలి, ఎదురుచూడటం ఎలా ఉంటుందో."

యారినా కాఫీ గిన్నె దించింది. "అది కందకంలో రాసింది కాదు సెవెరిన్. యుద్ధానికి చాలా ముందుది. నేను రాసింది."

"నాకు తెలీదా వదినా? మీ బ్యాండు మొదటి రోజు నుంచీ చూస్తున్నా." సెవెరిన్ గొంతు తగ్గించాడు. గొంతు తగ్గిస్తే ఒరెస్ట్‌కు అందదు. "కానీ ఇప్పుడా? హాల్లో ఎవరు కూచుంటారో తెలుసుగా. కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లులు. వాళ్ళకి ఒక పాట దొరికింది. దాన్నీ లాక్కుంటావా? అన్నని చూడు. ఆయనకింకేం మిగిలింది చెప్పు."

యారినా ఒరెస్ట్ వైపు చూసింది. అతను కప్పులోకి చూస్తున్నాడు. ఎవరి మాటైనా వినదలుచుకోకపోతే వాళ్ళ పెదాల మీంచి చూపు దించేస్తాడు. అలా దించడం నేర్చుకున్నాడని ఇంట్లో ఆమె ఒక్కదానికే తెలుసు.

"ఏమంటోంది?" అని సెవెరిన్‌ను అడిగాడు.

"ఏం లేదన్నా. ఏం వాయించాలో అడుగుతోంది."

కప్పులు తువ్వాలు మీద ఒక్కొక్కటే ఆరబెడుతూ ఆమె ఆ "ఇప్పుడా?" గురించే ఆలోచించింది. ఇప్పుడు కాకపోతే మరెప్పుడు? యుద్ధానికి ముందు ఒకసారి అడిగింది, సీడీ మీద తన పేరు వేయమని. "అబ్బా, ఇంత చిన్న విషయానికా?" అన్నాడు ఒరెస్ట్. అప్పుడు అది మరీ చిన్నది. ఇప్పుడు దేశం కష్టం మరీ పెద్దది. ఆ చిన్నదానికీ ఈ పెద్దదానికీ మధ్య ఆమె నోరు విప్పగలిగిన రోజు ఒకటి ఎప్పుడో గడిచిపోయి ఉండాలి. ఆ రోజు తాను ఏం చేస్తూ ఉందో. బహుశా గిన్నెలు తోముతూ ఉండి ఉంటుంది. ఇంకో భయం కూడా ఉంది, దాన్ని తనతోనైనా గట్టిగా అనుకోలేదు. సెవెరిన్ చెప్పిందాంట్లో నిజం ఉంటే? ఆ తల్లుల చేతుల్లోంచి పాట లాక్కున్నట్టే అయితే? కందకం నుంచి ప్రాణాలతో వచ్చిన మనిషిని అబద్ధాలకోరుగా నిలబెడితే? ఆమె ఇంతవరకూ ఎవరి దగ్గరా ఏదీ లాక్కున్నది లేదు. ఎలా లాక్కోవాలో తెలియదు.

గురువారం స్టెఫానియా ఒక పెద్దావిడను వెంటబెట్టుకుని పైకి వచ్చింది. నల్ల తలగుడ్డ, బురద అంటిన బూట్లు, చేతిలో గుడ్డలో చుట్టిన గొర్రెపాల చీజు ముద్ద. కొండల వైపు పల్లె నుంచి బస్సులో వచ్చిందట. పేరు దోమ్నికా. మెట్ల దగ్గర నిలబడి ఒరెస్ట్ ఇల్లు ఏదని అడుగుతోందట.

"మా వాడి పాట విని వచ్చిందమ్మా అంత దూరం నుంచి," అంది స్టెఫానియా గర్వంగా. కొడుకు భుజం తట్టి లేపి కూర్చోబెట్టింది.

దోమ్నికా కుర్చీ అంచున కూర్చుంది. ఒరెస్ట్‌ను కాసేపు కళ్ళారా చూసింది. "బాబూ, నీకు శ్రమ ఇయ్యను. ఒక్క మాట అడిగి పోతా. మా ఇలారియోన్ పోయి ఏడాది తిరిగింది. సమాధి మీద మట్టి సర్దుకుంది, రాయి పెట్టాలి. రాతి మీద నీ పాటలో నాలుగు లైన్లు చెక్కిద్దామని. అంతా బాగానే ఉంది. ఆఖర్న 'నెత్తురుతో తడిసిన చొక్కా' అన్నావు గదా, అక్కడ ఆగిపోయా."

ఒరెస్ట్ తల ఊపాడు.

"మా వాడి చొక్కాకి నెత్తురు లేదు బాబూ. బట్టలు మూటకట్టి నా చేతికే ఇచ్చారు, నేను విప్పి చూశా. పేలుడు దెబ్బ లోపలే తగిలిందట. చొక్కా ఇస్త్రీ చేసినట్టుంది. రోజూ పొద్దున్నే సమాధి కాడికి పోతా నేను. ఆ మాట చదివితే అది మా వాడి రాయి కాదనిపిస్తుంది, ఇంకెవరి పిల్లాడి దగ్గరో కూచున్నట్టు ఉంటది. ఆ చోట వేరే మాట ఏదన్నా ఉంటే చెప్పు."

ఒరెస్ట్ చూపు దించేశాడు. "నాకు సరిగ్గా వినబడలేదమ్మా."

"వాడికి అలసటగా ఉంది," అంది స్టెఫానియా.

దోమ్నికా తప్పు తనదే అన్నట్టు కుర్చీ ముందుకు జరుపుకుంది. నోరు పెద్దగా తెరిచి, ఒక్కో అక్షరం విడదీసి మళ్ళీ మొదలుపెట్టింది. "మా వాడి. చొక్కాకి. నెత్తురు. లేదు."

ఒరెస్ట్ చెయ్యి చెవి మీదకు పోయింది. తల అడ్డంగా ఊపాడు. పెద్దావిడ మూడోసారి చెప్పబోయింది. ఇక యారినా వినలేకపోయింది. ఆ ముసలి నోటితో ఆ మాట ఇంకోసారి చెప్పించడం కన్నా ఏదైనా నయమనిపించింది.

"ఆ చోట మొదట 'పాలు' అని ఉండేది," అంది.

దోమ్నికా తిరిగి చూసింది.

"యారినా," అంది అత్తగారు హెచ్చరికగా.

"పాలతో తడిసిన చొక్కా. నా చొక్కా అది. బిడ్డ పోయింది. పాలకి ఆ సంగతి తెలీదు గదా, వస్తూనే ఉన్నాయి."

ఒరెస్ట్ ఇప్పుడు ఆమె పెదాలనే చూస్తున్నాడు.

"గుడ్డ బిగించి కట్టారా?" అని అడిగింది దోమ్నికా, చాలా మామూలుగా.

"కట్టారు."

"మా రోజుల్లో క్యాబేజీ ఆకులు పెట్టేవాళ్ళు."

"నాకూ పెట్టారమ్మా."

"అబ్బాయా?"

"అమ్మాయి."

"ఎప్పటి పురుటి సంగతులో, మగవాడి ముందు ఇప్పుడెందుకవన్నీ," అంది స్టెఫానియా. దోమ్నికా ఆమె వైపు చూడను కూడా లేదు.

"అంటే పాట నీదా?"

"మాటలు నావి. వరస ఆయనది." రెండు రోజులుగా లోపల తిరుగుతున్న భయం పైకి వచ్చేసింది. "మీ అబ్బాయి కోసం, వాళ్ళ కోసం రాసింది కాదమ్మా అది. మీకు కష్టంగా ఉంటే..."

"పిచ్చిదానా," అంది దోమ్నికా. "మా వాణ్ణి నువ్వు ఎరగవు, ఆయనా ఎరగడు. వాడి కోసం ఎవరు రాస్తారు? ఒక తల్లి రాసింది, నాకది చాలు." లేచి నిలబడి తలగుడ్డ ముడి సరిచేసుకుంది. "రెండేళ్ళొచ్చే దాకా నా పాలే తాగాడు వాడు. నా చొక్కాలన్నీ పాల మరకలే. పాలు అనే చెక్కిస్తా." తలుపు దగ్గర ఆగింది. "పాటైతే కింద ఎవరిదో పేరు వేయాలట, రాయి చెక్కే అతను చెప్పాడు. నీ పేరేంటమ్మా?"

యారినా చెప్పింది. పెళ్ళికి ముందు ఇంటి పేరుతో చెప్పింది. అలా ఎందుకు చెప్పిందో ఆమెకే తెలియదు. దోమ్నికా ఆ పేరును నోట్లో నాలుగైదుసార్లు అనుకుంటూ, మెట్లు దిగి బస్సుకు పోయింది.

స్టెఫానియా తలుపు మూసి వెనక్కి తిరిగింది. "తృప్తిగా ఉందా?" అంది. "చెవులు పోయినవాడికి పేరు కూడా లేకుండా చేశావు."

"లేదు అత్తయ్యా," అంది యారినా. "ఆయన పేరు ఆయనకే ఉంది."

అత్తగారు కిందికి పోయింది. ఒరెస్ట్ కిటికీ దగ్గర, వెలుగు యారినా ముఖం మీద పడే చోట కూర్చున్నాడు.

"నేను మార్చింది ఒక్క మాటే."

"అవును."

"మగవాడు పాలు అని ఎలా పాడతాడు? అందుకే మొదట వాన అన్నాను. రోమన్ పోయినప్పుడు నెత్తురని వచ్చేసింది. నేను కావాలని మార్చలేదు. నా ఒళ్ళోనే పోయాడు, యారినా. నిజంగా వాడి కోసమే పాడాను."

"తెలుసు."

నిజంగానే తెలుసు. నిద్రలో అతను రోమన్ పేరు పిలిస్తే పట్టుకుని కూర్చునేది తనే. అతనిది నిజం. కానీ అతనిది నిజమైనంత మాత్రాన తనది అబద్ధం కానక్కర్లేదు. ఇన్నాళ్ళూ అందరూ తనది అబద్ధమని ఒప్పుకోమనే ఆమెను అడుగుతూ వచ్చారు, ఆమె ఒప్పుకుంటూ వచ్చింది.

"సెవెరిన్ ఆ కందకం కథ చెప్పినప్పుడు కాదనలేకపోయాను," అన్నాడు. "చెప్పగా చెప్పగా నాకూ అలాగే గుర్తుండిపోయింది. కొవ్వొత్తి కూడా గుర్తుంది. కొవ్వొత్తి లేదు."

యారినా జాలి పడింది, పడి ఊరుకుంది. జాలి పడిన ప్రతిసారీ ఏదో ఒకటి ఇచ్చేయడం ఆమెకు అలవాటు. ఇప్పుడు ఇవ్వలేదు.

"శనివారం నేను సింబాలీ వాయించను," అంది, ఒక్కో మాటా స్పష్టంగా. "ముందు నిలబడి పాడతాను. పాలు అనే పాడతాను. ఎవరి కోసం రాశానో పాటకి ముందు నేనే చెబుతాను. సెవెరిన్‌కి ఇష్టం లేకపోతే హాలు బయట మెట్ల మీద పాడతాను."

ఒరెస్ట్ చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. "నాకు వినబడదు," అన్నాడు. అది ఫిర్యాదో, భయమో, బతిమాలడమో తెలియలేదు. తర్వాత చాలా మెల్లగా, తన గొంతు తనకే అందనంత మెల్లగా అన్నాడు, "మనం ఆ పాపకి పేరు కూడా పెట్టలేదు."

"నువ్వు పెట్టలేదు. నేను పెట్టాను."

అతను తలెత్తాడు. ఆమె పెదాల మీద చూపు నిలిపాడు, ఈసారి దించలేదు. "ఏమని?"

పేరు నాలుక చివరికి వచ్చింది. పద్నాలుగేళ్ళుగా ఒక్కరికీ చెప్పని పేరు. ఈ వంటింట్లో, తువ్వాళ్ళ మధ్య, గొంతు తగ్గించి చెప్పేది కాదది.

"శనివారం చెబుతాను," అంది యారినా. "ముందు వరసలో కూర్చో. నా నోరు కనబడుతుంది."